మందు వెదికిన వైద్యుడు – జెరోమ్ లెజ్యూన్

బిడ్డ బుద్ధిమాంద్యంతో పుడితే మన ఊళ్ళల్లో వేలెత్తి చూపేది ముందు తల్లినే. గ్రహణం చూసిందనో, పుట్టింటి వంశంలో దోషమనో అంటారు. ఒకప్పటి ఫ్రాన్సు దేశం కూడ ఇంతే. డౌన్ సిండ్రోమ్ పిల్లలను చూసి, తలిదండ్రుల సుఖవ్యాధి వల్లనో తాగుడు వల్లనో ఇలా పుట్టారని చెప్పుకొనేవారు. ఆ నిందను తుడిచినవారిలో డాక్టర్ జెరోమ్ లెజ్యూన్ ఒకరు.

ఆయన 1926లో పారిస్ ప్రక్కనున్న మోంట్రూజ్‌లో జన్మించారు. పల్లెటూరి వైద్యుడు కావాలని ఆశ. కాని ఆసుపత్రిలో ఈ పిల్లలను చూశాక వారిని విడిచిపోలేకపోయారు. 1958లో వారి కణాలలో 46కు బదులు 47 క్రోమోజోములు కనిపించాయి. 21వ జతలో ఒకటి ఎక్కువ! 1959 జనవరిలో దీనిని ప్రకటించారు. ఒక మాట దాచకూడదు. ఆ కణాలను ప్రయోగశాలలో పెంచింది మార్త్ గోతియే అనే వైద్యురాలు. తనకు రావలసిన పేరు రాలేదని ఆమె తరువాత బాధపడింది. ఆమె వాటా ఆమెకు ఇవ్వడమే న్యాయం.

కారణం తెలిసింది గనుక మందు దొరుకుతుందని లెజ్యూన్ నమ్మారు. జరిగింది వేరు. తల్లి ఉమ్మనీరు తీసి పరీక్షించి, ఆ అదనపు క్రోమోజోము ఉంటే గర్భం తీసివేయడం మొదలైంది. తాను వెలిగించిన దీపంతోనే తన రోగులను వెదికి చంపుతున్నారని ఆయన కుమిలిపోయారు. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో విలియం అలెన్ పురస్కారం అందుకున్నప్పుడు, సాటి శాస్త్రజ్ఞుల ఎదుటే దీనిని ఖండించారు. అప్పటినుండి పలువురు సహచరులు దూరమయ్యారు.

ఆయన విజ్ఞానానికి శత్రువు కాదండీ! రోగాన్ని తీసివేయడం వేరు, రోగినే తీసివేయడం వేరు. ఈ భేదం నేటికీ పనికివస్తుంది. 2023లో బ్రిటన్, అమెరికా దేశాలు సికిల్ సెల్ వ్యాధికి ఒక జన్యు చికిత్సను అనుమతించాయి. మన మన్యం గిరిజనులను పీడించే వ్యాధే అది. అందులో మార్చేది ఆ రోగి రక్తకణాలను మాత్రమే. అటువంటి వైద్యం సూత్రరీత్యా తప్పు కాదని శ్రీసభ 2008లోనే బోధించింది. 2018లో చైనాలో హె జియాన్‌కుయ్ చేసినది అది కాదు. పిండ దశలోనే ఇద్దరు కవల ఆడపిల్లల జన్యువులను మార్చాడు. ఆ మార్పు వారి పిల్లలకూ, మనుమలకూ పోగలదు. పొరపాటు జరిగితే వెనక్కు తీసుకొనేదెవరు? 2019లో అతనికి మూడేళ్ళ జైలుశిక్ష పడింది.

1994లో రెండవ జాన్ పౌల్ పోపుగారు లెజ్యూన్‌ను జీవ పరిరక్షణ కొరకైన పొంటిఫికల్ అకాడమీకి తొలి అధ్యక్షునిగా నియమించారు. అప్పటికే క్యాన్సర్. ఏప్రిల్ 3న, క్రీస్తు పునరుత్థాన పండుగనాడు కన్నుమూశారు. 2021లో శ్రీసభ ఆయనను పూజ్యునిగా ప్రకటించింది. నేడు తల్లి రక్తం కాస్త తీసి పరీక్షించినా ఆ అదనపు క్రోమోజోము జాడ తెలుస్తుంది. ఆయన వెదికిన మందు ఇంకా దొరకలేదు.