ఆనందమును పంచిపెట్టిన అధ్యక్షులు: బిషప్ అజరయ్య గారు

ఆగమనకాలము వచ్చిందంటే మన ఇండ్లలో సందడి మొదలవుతుంది. గోడలకు సున్నము, గుమ్మానికి నక్షత్రము, పిల్లలకు క్రొత్త బట్టలు, చుట్టాలకు పిండివంటలు. ఇవన్నీ మంచివే. అయితే వీటికోసం అప్పు చేసి, జనవరి నెలంతా ఆ అప్పు తలచుకొని కుమిలిపోయే కుటుంబాలు మన సంఘాలలో లేకపోలేదు. పండుగ వెళ్ళిపోయాక ఇంట్లో మిగిలేది దిగులే అయితే, నాలుగు వారాలు మనము దేనికొరకు కనిపెట్టినట్లు? క్రీస్తునందలి ఆనందము దినదినము ఇంటిలోనూ పొలములోనూ అనుభవించవలసినదనీ, పొరుగువానికి పంచినప్పుడే అది మనకు నిలుస్తుందనీ తన బ్రతుకుతో చూపించిన దైవజనుడొకరు మన తెలుగునాట పని చేశారు. ఆయనే దోర్నకల్ ప్రథమ అధ్యక్షులు, బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు. నూరేండ్ల దేవుని కృపను తలచుకొనే ఈ సంచికలో ఆయన చరిత్రను ఆ దృష్టితో ఒకమారు జ్ఞాపకము చేసికొందాము.

కనిపెట్టి పొందిన బిడ్డ

అజరయ్య గారు 1874 ఆగస్టు 17వ తేదీన తమిళదేశములో, అప్పటి తిరునెల్వేలి జిల్లాలోని వెల్లాలన్‌విలై అను గ్రామమందు జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం గారు హైందవ కుటుంబములో పుట్టి క్రీస్తును ఎరిగినవారు, ఆ గ్రామ సంఘానికి గురువు. తల్లి ఎలెన్ గారు. కుమారుని కొరకు ఆ దంపతులు అనేక సంవత్సరాలు ప్రార్థనతో కనిపెట్టారు. అందుచేతనే హన్నా తన బిడ్డకు పెట్టిన పేరును ఈ బిడ్డకు పెట్టి శామ్యూల్ అన్నారు. ఆగమనకాలములో మనము నేర్చుకొనే మొదటి పాఠము కనిపెట్టుట. ఆ పాఠము ఈయన పేరులోనే ఉన్నది.

1889లో తండ్రి ప్రభువునందు నిద్రించారు. భక్తిలోనూ క్రమశిక్షణలోనూ గట్టిదైన తల్లి పెంపకములో అజరయ్య గారు ఎదిగారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, పట్టా చేతికి రాకుండానే 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా సేవలో ప్రవేశించి దక్షిణ భారతమంతటా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడారు. ఆ కాలపు ఆడపిల్లలలో అంత చదువు చదివినవారు అరుదు. కట్నము పుచ్చుకొనక, ఆడంబరము లేక ఆ పెండ్లి జరిగింది. పెండ్లికి చేసిన అప్పు తీర్చడానికి భూములమ్ముకొనే ఊళ్ళలో ఇది చిన్న సంగతి కాదు. సంతోషానికి వెల కట్టనక్కరలేదని ఆ యువ దంపతులు ఆనాడే చూపించారు.

క్రిస్మస్ దినమున మొదలైన పని

1902లో అజరయ్య గారు సింహళములోని జాఫ్నాకు వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో తమవారినే సువార్తికులుగా పంపుచుండుట చూచి ఆయన హృదయము కలత చెందింది. ఎంతో ముందే సువార్త అందుకొన్న తిరునెల్వేలి సంఘము ఇతరులకు ఏమి ఇస్తున్నదని ఆయన ప్రశ్నించుకొన్నారు. ఆ ప్రశ్నలోనుండి 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. రెండేండ్ల తరువాత 1905 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాడు, శ్రీరాంపురములో కేరీ దొరగారి గ్రంథాలయములో దేశము నలుమూలల నుండి వచ్చిన భారత క్రైస్తవులు కూడి నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించారు. ఆ పనిలో కె.టి. పాల్ గారితోపాటు అజరయ్య గారు ముందు నిలిచారు. తమకు దొరికిన రక్షణను తమ దేశస్థులకు తమ మనుషులతో, తమ ధనముతో, తమ నడిపింపుతో అందించాలన్నది వారి తీర్మానము. ఆ క్రిస్మస్ దినమును వారు అట్లు గడిపారు.

దోర్నకల్ పిలుపు

తిరునెల్వేలి వారు తమ సేవకు ఎన్నుకొన్న పొలము నిజాం రాజ్యములోని దోర్నకల్ ప్రాంతము. ఇతరులను పంపుతూ తాను వెనుక ఉండుట అజరయ్య గారికి సరిపడలేదు. దేశమంతటా పేరున్న ఉద్యోగము విడిచిపెట్టి, 1909లో గురుపట్టము పొంది కుటుంబముతో దోర్నకల్ చేరారు. చుట్టూ అడవులు, పేద పల్లెలు, తెలియని భాష. ముప్పదియైదేండ్ల వయస్సులో ఆయన తెలుగు అక్షరాలు దిద్దారు. తన సంతోషమును మరొకరికి చెప్పవలెనంటే ముందు ఆ మరొకరి మాట నేర్చుకోవలెను గదా!

మరుసటి ఏడు 1910లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ ఆయన చేసిన ప్రసంగము నేటికీ చరిత్రలో నిలిచి ఉన్నది. మిషనరీలు చేసిన త్యాగమునకు వందనములు చెల్లిస్తూనే, వారు భారత సహోదరులతో సమానులుగా మెలగకపోవుటను ఆయన దాపరికము లేకుండా ఎత్తి చూపారు. తన ప్రజలకు స్నేహితులు కావలెనని అడిగారు. సభలో కొందరికి కోపము వచ్చింది. అయినా ఆయన అడిగినది న్యాయమే. ఒక బల్లవద్ద కూర్చొననివారు ఒకరి ఆనందములో ఒకరు ఎట్లు పాలుపొందగలరు?

1912 డిసెంబరు 29న, క్రిస్మస్ జరిగిన నాలుగవ దినమున, కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రలులో ఆయనకు అధ్యక్షాభిషేకము జరిగింది. ఆంగ్లికన్ సంఘములో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. భారతీయునికి ఆ పదవి అప్పుడే తగదని వాదించిన మిషనరీలు ఉన్నారు. ఆయన వారికి మాటలతో జవాబు చెప్పలేదు. ముప్పది రెండేండ్ల సేవతో చెప్పారు.

కూలివారి ఇంట ఆనందము

ఆయన మందలో ఎక్కువమంది మాల మాదిగ పల్లెల బీదలు. పగలంతా ఇతరుల పొలాలలో కూలి, వెట్టి, తీరని అప్పు, ఊరిలో అవమానము. క్రైస్తవులైనందుకు దొరల కోపము దానికి తోడు. ఇట్టివారికి ఆనందమును గూర్చి ఏమని బోధించాలి? అజరయ్య గారు వారి కష్టమును చిన్నదిగా చూడలేదు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగింటిని ఇంటి శత్రువులని పేర్కొని, వాటితో పోరాడుట భక్తిలో భాగమని నేర్పారు. బడులు పెట్టించారు. ఉపదేశకులను తయారు చేశారు. ఎడ్లబండి మీద ఊరూరా తిరిగి, గుడిసెల నడుమ కూర్చొని, వారి మాటలు విన్నారు.

ప్రొద్దుగూకి కూలివారు ఇండ్లకు చేరాక పల్లె ప్రార్థన గృహములో దీపము వెలిగేది. చదువు రానివారు కూడా కీర్తనలు కంఠపాఠముగా పాడేవారు. తెలుగు కీర్తనలను, మన తాళములను, మన కథాకాలక్షేపములను ఆరాధనలో వాడుకొమ్మని అధ్యక్షులవారు ప్రోత్సహించారు. పగలు ఎవరూ గౌరవించని మనిషి రాత్రి దేవుని ఎదుట నిలబడి గొంతెత్తి పాడుట ఎంత గొప్ప సంగతి! ఆ పల్లెలవారికి ఆనందము ఏడాదికొక దినము కాదు, ప్రతి రాత్రి ఒక గడియ.

అంతటితో ఆయన తృప్తిపడలేదు. బీదవారు కూడా ఇచ్చువారు కావలెనన్నది ఆయన పట్టుదల. వంటకు బియ్యము తీసినప్పుడు ఒక పిడికెడు ప్రభువు కొరకు తీసిపెట్టే అలవాటు మన తల్లులకు అట్టి బోధలోనే నాటుకొన్నది. కోతకాలపు పండుగలో ధాన్యము, మిరపకాయలు, గుమ్మడికాయలు, కోళ్ళు, మేకలు ఆలయము ముందుకు చేరేవి. క్రైస్తవ దాతృత్వమును గూర్చి ఆయన ఒక గ్రంథమే వ్రాశారు. ఎల్లప్పుడూ చేయి చాచి నిలబడిన మనిషి ఒక్కసారి ఇచ్చినప్పుడు అతని నడుము నిటారుగా నిలుస్తుంది. అజరయ్య గారికి ఈ సంగతి బాగుగా తెలుసు.

మరొక ఆచారమును పెద్దలు నేటికీ చెప్పుకొంటారు. ఊళ్ళను దర్శించినప్పుడు ఆయన విశ్వాసులను తమ చేతిని తమ తలమీదనే ఉంచుకొమ్మనేవారు. తాము బాప్తిస్మము పొందినవారమనీ, సువార్త చెప్పకుండుట తమకు తగదనీ పౌలు భక్తుని భావములో వారిచేత పలికించేవారు. బోధకులకే కాదు, నిన్న బాప్తిస్మము పొందిన కూలివానికి కూడా అదే ప్రమాణము. మాటలు రానివాడు మారిన బ్రతుకు చూపించవచ్చును. త్రాగుడు మానిన మొగుని చూచి, శుభ్రమైన ఇంటిని చూచి, అక్షరాలు నేర్చిన పిల్లలను చూచి ఇతర కులాలవారు కూడా ప్రభువువద్దకు వచ్చారు. మాల మాదిగ భేదము ప్రభురాత్రి భోజనపు బల్లవద్ద ఉండరాదని ఆయన గట్టిగా నిలబడ్డారు. ఎడిన్‌బరోలో దొరలను అడిగినదే పల్లెలో తనవారినీ అడిగారు.

తరువాతి కాలములో కృష్ణా ప్రాంతపు సంఘాలు, నంద్యాల ప్రాంతపు సంఘాలు కూడా ఆయన ఏలుబడిలోనికి వచ్చాయి. ఆయన చివరి సంవత్సరాలకు ఆ అధ్యక్ష మండలములో విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. ఈ పనిలో అన్బు మరియమ్మాళ్ గారి పాలు తక్కువ కాదు. స్త్రీల మధ్య, తల్లుల సహవాసములో ఆమె చేసిన సేవ ఎన్నో ఇండ్లను చక్కదిద్దింది.

చూడని దినము కొరకు

దోర్నకల్‌లో ఆయన ఎంతో కాలము శ్రమించి కట్టించిన దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడింది. అది ప్రభువు అన్యజనులకు ప్రత్యక్షమైన పండుగ దినము గనుక ఆలయానికి ఎపిఫనీ కథీడ్రల్ అని పేరు. గుడి, మసీదు, చర్చి, ఈ మూడింటి శిల్పపు పోకడలు అందులో కలిసి కనిపిస్తాయి. నక్షత్రమును చూచి దూరదేశపు జ్ఞానులు వచ్చినట్లే, ఈ దేశపు జనులందరూ తమ సొంత ఇంటికి వచ్చినట్లు లోనికి రావలెనని ఆయన ఆశ.

ఇంకొక పని కొరకు ఆయన ఇంకా ఎక్కువ కాలము కనిపెట్టారు. 1919లో తరంగంబాడిలో ఆరంభమైన సంఘ ఐక్యతా ప్రయత్నానికి ఆయన ముఖ్య నాయకులలో ఒకరు. పాతికేండ్లు సభలు, చర్చలు, అడ్డంకులు. 1944 క్రిస్మస్ గడిచిన వారానికే, 1945 జనవరి 1న, ఆయన దోర్నకల్‌లో ప్రభువు సన్నిధికి చేరారు. ఆయన దేహమును ఆ దేవాలయ ఆవరణలోనే ఉంచారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడింది. దాని కొరకు అంతగా పాటుపడినవాడు ఆ దినమును కన్నులారా చూడలేదు. అయినను, ఫలము చేతికి అందకముందే విత్తుటలో సంతోషించిన మనిషి ఆయన. ఆగమనకాలపు ఆనందము అటువంటిదే.

మనకు ఆయన విడిచిన మాదిరి

ఆనాటి ప్రార్థనా గ్రంథములో ఆగమనకాలపు నాలుగవ ఆదివారమునకు ఏర్పరచిన పత్రిక పాఠము ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖ నాలుగవ అధ్యాయములోనిది. చెరసాలలో నుండి పౌలు విశ్వాసులను ఆనందించుమని హెచ్చరించిన భాగమది. అజరయ్య గారు తమ పల్లెలలో దానిని ఏటేటా చదివించి ఆచరింపజేశారు. మన ఇండ్లలో దానిని ఆచరించుట కష్టము కాదు. ఈ ఆగమనకాలములో అప్పు చేసి బట్టలు కొనకుండా, ఉన్న బట్టలనే ఉతికి తొడుగుకొని గుడికి వద్దాము. రోజూ ఒక పిడికెడు బియ్యము తీసిపెట్టి, పండుగనాడు పొయ్యి వెలగని ఇంటికి అందిద్దాము. సాయంత్రము ఇంటిల్లిపాదీ కూర్చొని ఒక కీర్తన పాడుదాము; ప్రక్కింటివారికి వినిపించినా తప్పు లేదు. ఏడాదిగా మాటలు లేని అన్నదమ్ముని, వేరు పల్లెవాడని దూరముంచిన సహోదరుని మన బల్లవద్దకు పిలుద్దాము. ఇది అన్నిటికంటె కష్టము. ఇది జరగని ఇంట ఎంత పెద్ద నక్షత్రము కట్టినా వెలుగు గుమ్మము దగ్గరే ఆగిపోతుంది.

కనిపెట్టి పొందిన ఆనందమును దాచుకొనక, తనవద్దకు వచ్చిన ప్రతివాని చేతిలో పెట్టి మరొకరికి ఇమ్మన్న ఆ దైవజనుని మాదిరి మన కుటుంబాలలోనూ మన సంఘాలలోనూ ఫలించునట్లు ప్రభువు మనకందరికీ కృప దయచేయును గాక. ఆమేన్.