బడగాం వీరుడు సోమనాథశర్మ

నాయకుడు నేలకొరిగిన పిమ్మట వెంటనున్నవారు నిలిచిరా, చెదరిరా అనునదియే ఆతని నాయకత్వమునకు గీటురాయి. స్వతంత్ర భారతమున పరమవీర చక్రమును మొట్టమొదట పొందిన మేజర్ సోమనాథశర్మ చరిత్ర ఈ గీటురాయిపై నిగ్గుదేలినది.

శర్మ 1923 జనవరి 31న కాంగ్డా సీమయందు జన్మించెను. అది నేడు హిమాచల ప్రదేశమున నున్నది. తండ్రి అమరనాథశర్మ సైన్యమున వైద్యుడు. మేనమామ కెప్టెన్ కృష్ణదత్త వాసుదేవ రెండవ ప్రపంచ యుద్ధకాలమున మలయాలో జపాను సేనలతో పోరాడి ప్రాణము లర్పించెను. ఇట్టి ఇంట పెరిగిన బాలునకు సైనికవృత్తి సహజముగానే రుచించెను. నైనిటాలు, డెహ్రాడూను పట్టణములలో విద్య ముగించుకొని, 1942లో 19వ హైదరాబాదు రెజిమెంటున అధికారిగా చేరెను.

తెలుగువారికి ఈ పేరు చిరపరిచితము. నిజాము ప్రభువుల కాలమున ఏర్పడిన హైదరాబాదు కంటింజెంటు సేనయే ఆ రెజిమెంటునకు మూలము. కాలక్రమమున కుమావూ కొండసీమవారు అందు పెక్కురు చేరిరి. 1945లో అది కుమావూ రెజిమెంటుగా పేరు మార్చుకొనెను. ఆ యుద్ధమున శర్మ బర్మాలోని అరకాను ప్రాంతమున పనిచేసి అనుభవము గడించెను.

1947 అక్టోబరులో పాకిస్తాను వైపునుండి సాయుధ దళములు కాశ్మీరముపై దాడి సాగించెను. 26వ తేదీన మహారాజు హరిసింగు భారతదేశమున చేరుటకు అంగీకరించి సంతకము చేసెను. మరునాటినుండి మన సైనికులు విమానములలో శ్రీనగరమున దిగసాగిరి. ఆ విమానాశ్రయము శత్రువుల చేజిక్కినచో సేనలను వేగముగా చేర్చుటకు వేరు మార్గము లేకుండెను.

అప్పటికి హాకీ ఆటలో ఎముక విరిగి శర్మ ఎడమచేతికి పిండికట్టు వేయబడియుండెను. అట్టివాడు యుద్ధమునకు పోనక్కరలేదు. కాని తన కంపెనీ పోవుచుండగా తాను వెనుక నుండజాలనని పట్టుబట్టి, అనుమతి పొంది, ఆయన శ్రీనగరము చేరెను.

నవంబరు 3న విమానాశ్రయ సమీపమునగల బడగాం గ్రామముకడ శర్మ కంపెనీ కాపుండెను. మధ్యాహ్నము వరకు శత్రువుల జాడ కానరాకుండుటచే తక్కిన కంపెనీలు మరలిపోయెను. శర్మ దళము మాత్రము మరికొంతసేపు నిలువవలసియుండెను. అంతలో ఊరి ఇండ్లనుండి తుపాకులు మ్రోగెను. ఎదురు కాల్పులు జరిపినచో స్త్రీలకు, శిశువులకు హాని కలుగునేమోయని శర్మ సంకోచించెను. ఇంతలో సుమారు 500 మంది శత్రువులు మూడువైపులనుండి పైబడిరి. మనవారికన్న వారు ఏడింతలు.

తాము వెనుదిరిగినచో విమానాశ్రయమునకు దారి విడిచినట్లే యగునని శర్మ యెరుగును. గుండ్లవర్షమున బయలు నేలపై పరుగిడుచు ఆయన ఒక్కొక్క జట్టును చేరి ధైర్యము చెప్పెను. మన విమానములకు శత్రువుల స్థానము తెలియుటకై నేలపై గుడ్డపట్టీలు పరచెను. లైట్ మెషిన్ గన్నులు పేల్చువారు పలువురు పడిపోవుటచే కాల్పుల జోరు తగ్గెను. అప్పుడు ఆయన, చేతికి కట్టుండగనే, తానే మ్యాగజీనులలో తూటాలు నింపి వారికి అందింపసాగెను. శత్రువులు 50 గజముల దూరమునకు వచ్చిరనియు, అయినను తాము వెనుదీయబోమనియు బ్రిగేడునకు వర్తమాన మంపెను. కొలదిసేపటికే ఒక మోర్టారు గుండు ప్రక్కనున్న మందుగుండుపై బడి ప్రేలెను. శర్మ అచ్చటనే అసువులు బాసెను. ఆయనకు అప్పటికి 24 ఏండ్లు.

నాయకుడు గతించిన తరువాతను ఆ సిపాయిలు ఆరు గంటలకాలము పోరు విడువలేదు. వారిలో 20 మందికి పైగా వీరస్వర్గ మలంకరించిరి. ఆ వ్యవధిలో తోడుబలములు వచ్చుటకు వీలు చిక్కెను, విమానాశ్రయము దక్కెను. శర్మ దేహము మూడు దినములకు లభించినది. జేబులోని భగవద్గీత పుటలును, తోలు ఒరయు ఆనవాళ్లయినవి.

1950లో ఆయనకు పరమవీర చక్రము ప్రకటింపబడెను. ఆ పతకమునకు రూపకల్పన చేసినది ఐరోపాలో జన్మించి, భారతీయ సైనికాధికారిని పెండ్లాడి, మన పురాణముల నభ్యసించిన సావిత్రీ ఖానోల్కర్. లోకరక్షణకై తన ఎముకలనే ఇచ్చిన దధీచి కథను తలంచి, ఆమె పతకముపై నాలుగు వజ్రాయుధములను తీర్చెను. ఆమె కుమార్తె శర్మ తమ్ముని భార్య. శర్మ మరియొక సోదరుడు విశ్వనాథశర్మ 1988లో భారత సైన్యాధిపతి యయ్యెను.

2023లో అండమాను దీవులలో ఒకదానికి శర్మ పేరు పెట్టబడినది. ఆయనతో పాటు నేలకొరిగిన సిపాయిలకు దీవులు లేవు, పతకముల ప్రసిద్ధియు లేదు. శర్మ చూపిన త్రోవ వ్యర్థము కాలేదని లోకమునకు చాటినవారు వారే. తరగతిగదిలో శర్మ కథ చెప్పు ఉపాధ్యాయుడు ఆయన మరణముతో దానిని ముగింపరాదు. ఆ పిమ్మటి ఆరు గంటలను గూడ చెప్పవలెను. పేరెరుగని ఆ సిపాయిలకును, నేడు సరిహద్దులలో మంచునందు కాపున్నవారికిని మనము తీర్చగల ఋణములో అది మొదటి భాగము.