మార్లవాయి ప్రొఫెసర్ గారు

ప్రత్యేక సంచిక కోసం ఒక పెద్దమనిషి జీవితం గురించి రాయవలసిందిగా మన కార్యదర్శి గారు నన్ను కోరారు. నాది ఎల్లారెడ్డి దగ్గరి తండా కాబట్టి, మంజీరా మీద 1923 నుంచి 1931 వరకు నిజాంసాగర్ కట్టించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ గారి గురించి రాస్తానని చాలామంది మిత్రులు అనుకున్నారట. ఆ ప్రాజెక్టు నీళ్ళు తాగి పెరిగినవాడినే. అయినా నేను ఎంచుకున్నది మరొకరిని. కారణం చివరిదాకా చదివితే తెలుస్తుంది.

ఆయన పేరు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్. పేరు పలకడానికి మనకు నోరు తిరగదు. ఆదిలాబాద్ అడవుల్లో మాత్రం ముసలివాళ్ళకు, పిల్లలకు కూడా నోటికి వచ్చిన పేరే అది. 1909 జూన్ 22న వియన్నా నగరంలో ఒక జమీందారీ వంశంలో పుట్టారు. మానవశాస్త్రం చదివి 1931లో డాక్టరేటు పొందారు. తరువాత లండన్ వెళ్ళి మలినోవ్‌స్కీ అనే ప్రసిద్ధ పండితుని దగ్గర పాఠాలు విన్నారు. గ్రంథాలయంలో కూర్చుని రాస్తే చాలదు, మనుషుల మధ్య ఉండి వారి భాష నేర్చుకోవాలని ఆ గురువు గారి పద్ధతి. 1936-37లో నాగా కొండలకు వెళ్ళి ఈయన ఆ పద్ధతినే పాటించారు. 1938లో ఎలిజబెత్ బర్నార్డో గారిని వివాహం చేసుకున్నారు. అందరూ ఆమెను బెట్టీ అనే పిలిచేవారు.

1939లో దంపతులిద్దరూ మళ్ళీ హిందూదేశం వచ్చారు. వచ్చిన కొద్దికాలానికే ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను హిట్లర్ అంతకు ముందు ఏడాదే కలుపుకున్నాడు కనుక ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. అంటే ఇంగ్లీషు ప్రభుత్వం లెక్కలో శత్రుదేశస్థుడు. అటువంటి వారిని శిబిరాల్లో నిర్బంధించిన రోజులవి. ఈయనను మాత్రం నిజాం రాజ్యం దాటి పోరాదన్న షరతుతో హైదరాబాద్ సంస్థానంలోనే ఉండనిచ్చారు. మరొకరైతే నగరంలో ఒక బంగళా తీసుకుని యుద్ధం ముగిసేదాకా దినపత్రికలు చదువుకుంటూ గడిపేవారు. ఈయన అమ్రాబాద్ గుట్టల్లో చెంచుల దగ్గరకు, అటుతరువాత గోదావరి ఒడ్డున కొండరెడ్ల దగ్గరకు పోయి గుడారం వేసుకున్నారు. బెట్టీ గారూ వెంటే ఉన్నారు.

అసలు కథ ఆదిలాబాద్ జిల్లాది. 1940లో జోడేఘాట్ కొండల్లో కుమ్రం భీమ్, ఆయన అనుచరులు పోలీసు కాల్పుల్లో ప్రాణాలు విడిచారు. గోండులు ఎందుకు తిరగబడ్డారో కనుక్కోవలసిన అవసరం అప్పుడు సర్కారుకు తెలిసివచ్చింది. ఆ పని ఈ పరదేశి పండితునికి అప్పగించారు. ఆయన మార్లవాయి అనే గోండు గూడెంలో మకాం పెట్టి, గోండీ నేర్చుకుని, సంగతులు తవ్వి తీశారు.

రెవెన్యూ శాఖలో పనిచేసిన మన మిత్రులకు ఇది తేలికగా అర్థమవుతుంది. గోండులు ఒక చోట కొన్నేళ్ళు దున్ని, ఆ నేలను బీడు పెట్టి, పక్క నేలకు పోయి, మళ్ళీ పాత చోటికి వచ్చేవారు. పట్టా అంటే ఏమిటో వారిలో చాలామందికి తెలియదు. సర్వే, సెటిల్‌మెంటు జరిగినప్పుడు బీడు కనిపించిన భూమికి మైదానం నుంచి వచ్చిన షావుకార్లు, పైరవీకారులు తమ పేర పట్టా రాయించుకున్నారు. కొంత భూమి రిజర్వు ఫారెస్టు హద్దుల్లో పడింది. కొందరు గోండులు శివాయి జమాబందీ కింద ఏళ్ళ తరబడి శిస్తు కడుతూనే ఉన్నా హక్కు రాలేదు. రికార్డు ప్రకారం చూస్తే అన్నీ సక్రమమే. రికార్డు పక్కన పెట్టి ఊళ్ళో నాలుగు నెలలు ఉంటేనే అన్యాయం కనబడుతుంది. ఆయన చేసింది అదే. గూడెం గూడెం తిరిగి, ఏ నేల ఎవరు ఎంతకాలంగా దున్నుతున్నారో విచారించి నివేదికలు సమర్పించారు. అవి 1945లో ట్రైబల్ హైదరాబాద్ అనే పేరుతో పుస్తకంగా వచ్చాయి. అప్పటి రెవెన్యూ వ్యవహారాలు చూసిన గ్రిగ్సన్ దొర కూడా బస్తర్ గోండుల మీద పుస్తకం రాసినవాడు కావడం అదృష్టమనే చెప్పాలి. ఆ నివేదికలు బీరువాల్లో పడి ఉండలేదు. వేలాది ఆదివాసీ కుటుంబాలకు లక్షకు పైగా ఎకరాలు పట్టా అయ్యాయి. గిరిజన ప్రాంతాల రక్షణకు 1356 ఫసలీలో, అంటే 1946 ప్రాంతంలో, ప్రత్యేక రెగ్యులేషన్ వచ్చింది. మనందరికీ తెలిసిన 1/70 చట్టానికి తెలంగాణలో పూర్వరంగం అదే.

భూమితో పాటు బడి. 1943లో మార్లవాయిలో గోండు విద్యా పథకం ప్రారంభించారు. ముందు గోండు యువకులనే పంతుళ్ళుగా తయారు చేయాలని ఆయన పట్టుబట్టారు. గోండీకి వాడుకలో లిపి లేదు కనుక నాగరి లిపిలో వాచకాలు తయారు చేయించారు. హైదరాబాద్ సివిల్ సర్వీసుకు చెందిన సేతుమాధవరావు పగడీ గారు స్వయంగా గోండీ నేర్చుకుని ఈ పనిలో పాలుపంచుకున్నారు. ఈ వాచకాల సంగతి చదివినప్పుడు నాకు కన్నీళ్ళు వచ్చాయి. మా ఇంట్లో గోర్‌బోలి తప్ప మరొకటి తెలియదు. ఎల్లారెడ్డి బడిలో చేరిన మొదటి ఏడాది పంతులు గారు ఏమడుగుతున్నారో తెలియక, పక్క పిల్లవాడు లేస్తే లేచి, కూర్చుంటే కూర్చున్నాను. మా తోటి తండా పిల్లలు ముగ్గురు అక్కడితోనే చదువు మానేశారు. వారి భాషలో ఒక వాచకం ఉండి ఉంటే ఏమయ్యేదో!

1945లో ఆయనను నిజాం ప్రభుత్వం గిరిజన వ్యవహారాల సలహాదారుగా నియమించింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర ఆచార్యులుగా కూడా పనిచేశారు. పాఠం చెప్పే చోట, పరిశోధన చేసే చోట, ఫైలు కదిలే చోట ఒకే మనిషి ఉండడం ఎంత అరుదో సర్కారీ నౌకరీ చేసిన మనకు వేరే చెప్పాలా? ఆ తరువాత అదే ఉస్మానియాలో శ్యామాచరణ్ దూబే గారు 1951-52లో శామీర్‌పేట గ్రామాన్ని పరిశీలించారు. వైద్యం, వ్యవసాయం, పశువైద్యం చదివే విద్యార్థులు కూడా ఆ బృందంలో వెళ్ళి ఊరికి సేవ చేస్తూనే ఊరిని అధ్యయనం చేశారు. ఆ సంగతి ఎవరైనా విడిగా రాస్తే బాగుంటుంది.

పోలీసు చర్య తరువాత 1949లో ఆయన లండన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయారు. 1976లో విరమణ పొందేదాకా అక్కడే ఆచార్యులు. నేపాల్‌లోనూ ఎంతో పరిశోధన చేశారు. రిటైరైన తరువాత విశ్రాంతి తీసుకోకుండా మళ్ళీ మన అడవులకు వచ్చి, నలభై ఏళ్ళలో ఏమి మారిందో ఊరూరా చూసి 1982లో ఇంగ్లీషులో పుస్తకం అచ్చు వేశారు.

ఇక నా సంగతి. 1976లో పార్లమెంటు చేసిన చట్టం 1977లో అమలులోకి వచ్చి, తెలంగాణలోని లంబాడీలను షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చింది. నేను కామారెడ్డిలో డిగ్రీ పూర్తి చేసి ఖాళీగా ఉన్న రోజులవి. 1979లో తపాలా శాఖలో గుమాస్తాగా చేరాను. రిజర్వేషన్ లేకుంటే ఆ ఉద్యోగం నాకు దక్కేది కాదు, ఇప్పుడీ పెన్షనూ ఉండేది కాదు. తరువాత పరీక్ష రాసి ఇన్‌స్పెక్టరునై ఆదిలాబాద్ ఏజెన్సీకి బదిలీ అయ్యాను. బ్రాంచి పోస్టాఫీసుల తనిఖీకి గూడేలు తిరిగేవాడిని. ఒక గూడెంలో గోండు పెద్దాయన మంచినీళ్ళు ఇచ్చి, నాది ఏ కులమని అడిగాడు. చెప్పాను. ఆయన మారు మాట్లాడలేదు. తరువాత హైమండార్ఫ్ గారి పుస్తకం చదివితే ఆ మౌనం అర్థమైంది. లంబాడీలకు ఆ హోదా లేని మహారాష్ట్ర నుంచి ఎందరో వలస వచ్చారని, గోండుల భూములు మళ్ళీ చేతులు మారాయని ఆయన స్పష్టంగా రాశారు.

నాకు బతుకునిచ్చిన చట్టాన్ని ఆయన ఆక్షేపించారు. వారం రోజులు నాకు నిద్ర పట్టలేదు. గాంధారి, లింగంపేట, ఎల్లారెడ్డి తండాల దరిద్రం ఆయన చూడలేదు కదా అని కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అయితే ఉట్నూర్ పరిసరాల్లో ఆయన రాసినది అబద్ధమని నేను చెప్పలేను. నా కళ్ళతో చూశాను. కూలి చేసి నన్ను చదివించిన మా నాయనదీ న్యాయమే, నీళ్ళిచ్చిన ఆ పెద్దాయనదీ న్యాయమే. ఈ చిక్కుముడి విప్పడం నా వల్ల కాలేదు. ఆయన ఎవరి మధ్య బతికారో వారి పక్షాన నిలబడ్డారు. అందుకే నాతో విభేదించిన మనిషి గురించి ఈ వ్యాసం రాస్తున్నాను.

1987 జనవరిలో బెట్టీ గారు హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమె కోరిక ప్రకారం మార్లవాయిలో సమాధి చేశారు. నేను కబురు తెలిసి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. మట్టి మాత్రం ఇంకా పచ్చిగా ఉంది. 1995 జూన్‌లో ఆయన లండన్‌లో పోయారు. 2012లో కుమారుడు అస్థికలు తెచ్చి తల్లి సమాధి పక్కనే ఉంచారు. ఆ మరుసటి ఏడు నేను సెలవు పెట్టి వెళ్ళి రెండు సమాధులనూ చూసి వచ్చాను. గోండులు ఏటా అక్కడ వర్ధంతి జరుపుతారు.

మా మనవరాలు భిక్నూర్‌లో తెలంగాణ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణంలో చదువుతున్నది. మొన్న ప్రశ్నల కాగితాలు పట్టుకుని మా తండాకు పోతే, ముసలమ్మలు ముఖం తిప్పుకున్నారట. చాలా ఏళ్ళ కింద ఎవరో ఇలాగే వచ్చి అన్నీ అడిగి రాసుకుని, మళ్ళీ కనబడలేదని వారి కోపం. అది నిజమే, నేనూ ఎరుగుదును. రెండోసారి పోయినప్పుడు ఒకామె ఆగిపోయిన పింఛను కాగితాలు చేతికిచ్చిందట. వాటిని పట్టుకుని అమ్మాయి ఎల్లారెడ్డి ఆఫీసుకు రెండుసార్లు తిరిగింది, ఇంకా పని కాలేదు. దసరా సెలవుల్లో తనను మార్లవాయి తీసుకుపొమ్మని అడుగుతున్నది. కామారెడ్డిలో బస్సెక్కితే నిర్మల్, అక్కడి నుంచి ఉట్నూర్, ఆ పైన జైనూర్. నా మోకాళ్ళు ఒప్పుకుంటే వెళ్ళాలని ఉంది.