వడ్డీ రోగానికి మందు వెతికిన బందరు వైద్యుడు

మచిలీపట్నం: బందరులో పుట్టి దేశమంతటా శాఖలు విస్తరించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. దాని వ్యవస్థాపకుడు డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యను స్వాతంత్య్ర సమరయోధుడిగా, కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఎరిగినవారు ఎందరో. కృష్ణా డెల్టా రైతు అప్పుల బాధను గుర్తించి, ఒక్కో అవసరానికి ఒక్కో పరపతి సంస్థకు ఊపిరిపోసిన కార్యదక్షుడిగా ఎరిగినవారు తక్కువ.

వైద్యం వీడి ప్రజాసేవలోకి..

పట్టాభి 1880 నవంబరు 24న అప్పటి కృష్ణా జిల్లా గుండుగొలనులో పేద కుటుంబంలో జన్మించారు. ఆ గ్రామం ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. బందరు నోబుల్ కళాశాలలో, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు. వైద్య పట్టా పొంది బందరులో వైద్యవృత్తి ప్రారంభించారు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావులతో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపనలో పాలుపంచుకున్నారు. 1916లో వైద్యవృత్తిని విడిచి పూర్తిగా ప్రజాజీవితానికి అంకితమయ్యారు.

నీరున్నా పెట్టుబడి కరవు

బెజవాడ వద్ద 1855లో ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరిసాగు విస్తరించింది. కాలువ నీరు వచ్చినా సాగుకు పెట్టుబడి మాత్రం సులభంగా దొరకలేదు. విత్తనాలకు, ఎడ్లకు, కూలికి, శిస్తుకు రైతు షావుకారు గడప తొక్కవలసి వచ్చేది. పంట కల్లంలో ఉండగానే బాకీ కింద అయినకాడికి అమ్ముకోక తప్పేది కాదు. తరువాత ధర పెరిగితే లాభం అప్పిచ్చినవారిది. ఇంపీరియల్ బ్యాంకు వంటివి ప్రధానంగా సర్కారు లావాదేవీలకు, పెద్ద వర్తకానికే పరిమితమయ్యాయి.

అవసరాన్ని బట్టి సంస్థ

సహకార సంఘాల చట్టం 1912లో కేంద్ర బ్యాంకుల ఏర్పాటుకు వీలు కల్పించింది. దీనిని ఆసరాగా చేసుకుని 1915లో కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు స్థాపనకు పట్టాభి కృషి చేశారు. ఒంటరి రైతుకు పూచీ ఉండదు. పదిమంది సంఘంగా ఏర్పడి ఒకరికొకరు హామీగా నిలిస్తే పంట రుణం పుడుతుంది. ఈ సూత్రమే దానికి పునాది.

పొదుపు సమీకరణకు, వర్తకానికి స్థానిక బ్యాంకు అవసరమని గ్రహించి ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. 1923 నవంబరు 20న రిజిస్టరైన ఈ బ్యాంకు అదే నెల 28న లావాదేవీలు ప్రారంభించింది. అధీకృత మూలధనం 10 లక్షల రూపాయలు కాగా, చెల్లింపు మూలధనం లక్ష రూపాయలే.

పాత బాకీలు ఒక్క పంటతో తీరేవి కావు. అందుకు 1927లో వడ్లమన్నాడులో భూతనఖా బ్యాంకు ఏర్పాటైంది. పొలం తనఖాపై దీర్ఘకాలిక రుణం ఇస్తే, రైతు షావుకారు బాకీ తీర్చి ఏళ్ల తరబడి వాయిదాల్లో చెల్లించుకోవచ్చు. ఆయన చొరవతోనే 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు ఆవిర్భవించాయి.

జాతీయ రాజకీయాల్లో..

1939లో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోస్ చేతిలో ఓడిపోయారు. క్విట్ ఇండియా ఉద్యమంలో అహ్మద్‌నగర్ కోటలో బందీ అయ్యారు. 1948లో కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. అనంతరం మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేసి, 1959 డిసెంబరు 17న కన్నుమూశారు. ఆంధ్రా బ్యాంకు 1980 ఏప్రిల్ 15న జాతీయమైంది.

మిగిలిన కర్తవ్యం

పట్టాభి కాలపు పరపతి వ్యవస్థకు సొంత పొలమో, తోటివారి పూచీయో ఆధారం. ఈ రెండూ లేని కౌలుదారు, కూలీ దాని అంచునే ఉండిపోయారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి చట్టం కౌలుదారులకు రుణ అర్హత కార్డులు తెచ్చింది. నవ్యాంధ్రలో 2019 నాటి చట్టం సాగుదారు హక్కు పత్రాలకు దారి చూపినా, పత్రానికి భూ యజమాని అంగీకారం తప్పనిసరి చేసింది. దీంతో ఎందరో మళ్లీ ప్రైవేటు వడ్డీనే ఆశ్రయించారు. సాగుచేసే చేతికి న్యాయమైన వడ్డీకి అప్పు అందించడమే బందరు వైద్యుడు ప్రారంభించిన చికిత్సకు సరైన కొనసాగింపు.