కడపటి జామున పాదుకాసహస్రము

శ్రీనివాసుని ఘంట అవతారమని శ్రీవైష్ణవులు కొనియాడు నిగమాంతమహాదేశికులు క్రీ.శ. 1268లో కాంచీపురము చెంతనున్న తూప్పుల్‌లో అనంతసూరి, తోతారంబ దంపతులకు జన్మించిరి. మేనమామయగు ఆత్రేయ రామానుజులే వారికి గురువులు. ఇరువదేండ్లకే సకలశాస్త్రములు అభ్యసించి, తిరువహీంద్రపురమున గరుడమంత్రమును జపించి, హయగ్రీవుని అనుగ్రహమునకు పాత్రులైరి.

శ్రీరంగమున ఒకప్పుడు వారికి ఒక పరీక్ష ఎదురైనదని పెద్దలు చెప్పుదురు. ఒక్క రాత్రిలో భగవంతునిపై వేయి శ్లోకములు రచింపవలెను. ప్రతికవి స్వామి పాదపద్మములను ఎన్నుకొనెను. దేశికులు ఆ పాదములను మోయు పాదుకలను ఎన్నుకొనిరి. ప్రతికవి రాత్రియంతయు శ్రమించియు మూడువందల శ్లోకములు దాటలేకపోయెను. దేశికులు రంగనాథుని ధ్యానించి నిద్రించి, కడపటి జామున లేచి 1008 శ్లోకములను ధారగా వెలువరించిరి. అదియే 32 పద్ధతులుగల శ్రీరంగనాథ పాదుకాసహస్రము.

వేగమునకంటె అబ్బురమైనది చిత్రపద్ధతి. అందలి 929వ శ్లోకమునకు 32 అక్షరములు. వానిని వరుసకు ఎనిమిదిగా నాలుగు వరుసలందు వ్రాసి, చదరంగమున గుఱ్ఱము నడచు రీతిని చదివినచో 930వ శ్లోకము వచ్చును. గళ్లు గీసుకొని దినములు యోచించినను కుదురని కూర్పు, ఆగి తలచుటకు వ్యవధిలేని వేళ ఎట్లు పలికెను?

దీనికి సమాధానము వారి రహస్యత్రయసారము చివర కలదు. హయగ్రీవుడు తమ హృదయమున వ్రాసినదానినే తాము తాటియాకుపై నుంచితిమనియు, ఇందు తమదనునది ఏమున్నదనియు వారు విన్నవించుకొనిరి. కవితార్కికసింహులని లోకము కీర్తించిన మహనీయుని మాట ఇది.

అట్లని, వ్రాయించువాడు స్వామియే గదా, మనకు చదువేల యని తలంపరాదు. ఏండ్ల తరబడి పఠించిన ఇల్లాలికి, వేకువను వాకిట ముగ్గు పెట్టుచుండగా, తలంపకయే సుప్రభాతము నోటికి వచ్చును. పఠింపనివారికి అట్లు రాదు. వ్యాకరణమును, ఛందస్సును శ్రమించి అభ్యసించిన హృదయమే హయగ్రీవుడు వ్రాయుటకు పత్రమైనది. అభ్యాసము మన వంతు. ఫలము వచ్చినప్పుడు నాది అనకుండుటయు మన వంతే. ఉంఛవృత్తితో జీవించి, రాజాశ్రయమును కాదన్న దేశికులకు ఈ రెండును సహజములైనవి.

స్వామిని మోయుచు తానెన్నడును ముందు నిలువని ఆ పాదుక మనలను కాపాడుగాక!