కాలా అజార్‌ను జయించిన అధ్యాపక వైద్యుడు ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి

నెలల తరబడి వీడని జ్వరం, ఉబ్బిన ప్లీహం, శుష్కించి నల్లబడే శరీరం కాలా అజార్ లక్షణాలు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో బెంగాల్, అస్సాం, బిహార్ గ్రామాల్లో ఈ వ్యాధి సోకి చికిత్స అందనివారిలో అత్యధికులు మరణించేవారు. దీనికి సమర్థమైన ఔషధాన్ని అందించిన వైద్యాచార్యుడు సర్ ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి.

ఆయన 1873 డిసెంబరు 19న జన్మించారు. తండ్రి రైల్వే వైద్యుడు. హుగ్లీ కళాశాలలో గణితం చదివి, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో రసాయనశాస్త్రంలో ఎం.ఎ. పూర్తిచేశారు. అనంతరం వైద్యవిద్య అభ్యసించి 1902లో ఎం.డి., 1904లో పీహెచ్‌డీ పొందారు. వైద్యం, రసాయనశాస్త్రం రెండింటిలోనూ సాధించిన ఈ పట్టే తదుపరి పరిశోధనకు పునాది అయింది.

1905లో కలకత్తాలోని క్యాంప్‌బెల్ వైద్య పాఠశాలలో అధ్యాపకుడిగా, వైద్యుడిగా చేరారు. కాలా అజార్‌కు కారణమైన పరాన్నజీవిని అప్పటికి రెండేళ్ల క్రితమే లీష్‌మన్, మద్రాసులో పనిచేస్తున్న డోనవన్ వేర్వేరుగా వెల్లడించారు. 1915 నుంచి యాంటిమనీ లవణమైన టార్టార్ ఎమెటిక్‌ను ఈ వ్యాధికి సూదిమందుగా వాడసాగారు. అయితే దాని విషప్రభావం తీవ్రం. చికిత్స నెలల తరబడి సాగేది.

యాంటిమనీని సేంద్రియ సమ్మేళనంగా మారిస్తే విషతీవ్రత తగ్గుతుందని బ్రహ్మచారి భావించారు. గ్యాస్, కుళాయి నీరు లేని చిన్న గదిలో, కిరోసిన్ దీపం వెలుగులో ప్రయోగాలు సాగించి 1920లో యూరియా స్టిబమైన్‌ను రూపొందించారు. రోగులపై దాని ఫలితాలను 1922లో ప్రచురించారు. చికిత్సాకాలం కొన్ని వారాలకు తగ్గింది. అస్సాంలో విస్తృతంగా వాడిన ఈ మందు లక్షల మంది ప్రాణాలను నిలిపింది.

అంతటితో ఆయన పరిశీలన ఆగలేదు. కోలుకున్న కొందరి చర్మంపై మచ్చలు, బుడిపెలు ఏర్పడటాన్ని గమనించి, వాటిలోనూ అదే పరాన్నజీవి ఉందని 1922లోనే వెల్లడించారు.

1929లో నోబెల్ బహుమతికి ఆయన పేరు ప్రతిపాదనకు వచ్చినా పురస్కారం దక్కలేదు. 1934లో సర్ బిరుదు లభించింది. 1936లో ఇండోర్‌లో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించారు. 1946 ఫిబ్రవరి 6న కన్నుమూశారు.

యూరియా స్టిబమైన్ స్థానంలో తర్వాత కొత్త మందులు వచ్చాయి. చర్మంలో మిగిలిన పరాన్నజీవి మాత్రం ఇసుక ఈగల ద్వారా ఇతరులకు సోకగలదు. అందుకే కాలా అజార్ నిర్మూలన కార్యక్రమాల్లో జ్వరం తగ్గినవారిపైనా నిఘా కొనసాగుతోంది. ఆయన రెండో పరిశోధన ప్రాధాన్యం నేటికీ తగ్గలేదు.