పేరు అచ్చుకాని రచయిత – దాసరి సుబ్రహ్మణ్యం గారు

తోకచుక్క, రాకాసిలోయ ఎవరు వ్రాశారని మన పెద్దలను అడిగితే, చందమామ వాళ్ళే వ్రాశారంటారు. అందులో వారి తప్పేమీ లేదు. ఆ పత్రికలో సీరియల్ పైన రంగుల బొమ్మ వుండేది, కథ పేరు వుండేది, వ్రాసినవారి పేరు మాత్రం వుండేది కాదు. ఆ వ్రాసినాయన మనవాడే. తెనాలి ప్రాంతంలోని పెదగాదెలవర్రులో 1932లో జన్మించిన దాసరి సుబ్రహ్మణ్యం గారు.

చందమామను 1947లో ప్రారంభించిన ఇద్దరిలో చక్రపాణి గారిది తెనాలి. 1952 మొదలు 1980లో పోయేవరకు ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే. అదే 1952లో, ఇరవై ఏళ్ళ వయసులో, సుబ్రహ్మణ్యం గారు మద్రాసు వెళ్ళి చందమామలో చేరారు. మళ్ళీ ఆ ఉద్యోగం వదిలింది 2006లో. ఒకే పత్రికలో యాభై నాలుగేళ్ళు! ఈ రోజుల్లో మనవాళ్ళు యాభై నాలుగు నెలలు ఒకచోట వుంటే గొప్ప.

1954లో తోకచుక్క మొదలైంది. తర్వాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు. మొత్తం పన్నెండు. చాలావాటికి చిత్రా గారు బొమ్మలు వేశారు. ప్రతి నెలా కథానాయకుడు ఏదో ఒక గండంలో చిక్కుకున్నచోట ఆపేసేవారు. పిల్లలు ముప్పై రోజులు వేళ్ళు మడుచుకుని ఎదురుచూడవలసిందే. ఇతర భాషల చందమామలలోకీ ఆ కథలు వెళ్ళాయి. ఎన్నో భాషల పిల్లలు చదివారుగాని ఆయన పేరు ఏ ఒక్కరికీ తెలియదు.

ముగ్గురు మాంత్రికులు గురించి మన సభ్యులకు కాస్త విడమరచి చెప్పవలసి వుంది. పింగళుడనే బీద జాలరి, అతన్ని పీడించే ఇద్దరు అన్నలు. మాంత్రికులు ఒక్కొక్కరుగా వచ్చి, తమ చేతులు కట్టి నీళ్ళలో పడెయ్యమంటారు. అలిఫ్ లైలా విన్నవారు ఇది జూదర్ కిస్సా అని ఇట్టే పట్టేస్తారు. మన నానీమాలు చెప్పిన కథే ధోవతి కట్టుకుని, తెలుగు పేర్లు పెట్టుకుని వచ్చింది. దీన్ని కాపీ అనడం మాకిష్టం లేదు. కిస్సాలు అలాగే దేశాలు తిరుగుతాయి. అలిఫ్ లైలా కథ తెనాలి తెలుగులో ఇంత హాయిగా ఇమిడిందంటే, అది వ్రాసిన చేతి గొప్పే.

ఇంకొక సంగతి గమనించాము. ఆయన కథల్లో సాహసం రాజకుమారుల సొత్తు కాదు. పింగళుడు చేపలు పట్టేవాడు. శిథిలాలయంలో రాజవంశీకుడైన విక్రమకేసరి పక్కన సమానంగా నిలబడేది శబర యువకుడు శిఖిముఖి. మాంత్రికులను, భూతాలను అంతగా సృష్టించిన ఈ మనిషి స్వయంగా హేతువాది. మంత్రాలను ఏమాత్రం నమ్మలేదు. మన పెద్దలకు ఆ భావాలు నచ్చకపోవచ్చు, కాని ఆ కథల్లో మంత్రం కంటే తెలివీ, స్నేహమే ఎక్కువసార్లు గట్టెక్కిస్తాయి.

చక్రపాణి గారికి ఈ మాంత్రికుల గోల అంతగా నచ్చేది కాదట. 1970ల నడిమిలో వాటిని ఆపి, బంకించంద్రుని దుర్గేశనందిని వేయించారు. పిల్లలకు అది రుచించలేదు. 1975లో చక్రపాణి గారు పోయారు. 1976లో మాయాసరోవరంతో సుబ్రహ్మణ్యం గారి సీరియల్ మళ్ళీ మొదలైంది.

ఇదంతా మన సంఘం పుస్తకంలో ఎందుకంటే, మా ఉర్దూ మీడియం పిల్లల సంగతి వుంది గనుక. ఇంట్లో ఉర్దూ, బడిలో ఉర్దూ, బయట బజారంతా తెలుగు. పదో తరగతిలో లెక్కలు గట్టెక్కి తెలుగులో ఆగిపోయిన పిల్లల్ని ఎంతమందిని చూశామో. వాచకం ముందు పెడితే ఆవలిస్తారు. అదే రాకాసిలోయ పాత బైండు వాల్యూము ఇచ్చి చూడండి. ఒత్తులు తడుముకుంటూనే, తర్వాత ఏమైందో తెలుసుకునేదాకా వదలరు. నరసరావుపేట వైపు మిరప కల్లాల దగ్గర అమ్మలు తాలుకాయలు ఏరుతుంటే పక్కన కూర్చుని పైకి చదివి వినిపించే పిల్లల్ని చూశాము. అక్షరం రాని తల్లి కూడా, ఆ మాంత్రికుడు చచ్చాడా లేదా అని అడుగుతుంది.

సుబ్రహ్మణ్యం గారు 2010 జనవరి 27న విజయవాడలో కన్నుమూశారు. చందమామ కూడా ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే ఆగిపోయింది. అయితే ఆయన సీరియళ్ళు ఆయన పేరు మీదనే పుస్తకాలుగా వచ్చాయి. మన సంఘం రీడింగ్ రూములో పోటీ పరీక్షల గైడ్లు చాలినన్ని వున్నాయి. ఈ ఏడాది విరాళాల్లోంచి ముందుగా ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ, శిథిలాలయం తెప్పించవలసిందని కార్యవర్గానికి మనవి చేసి వున్నాము.